పిల్లలు పెట్టే చేపలు: చూలు గుర్తుపట్టడం, కాన్పు దాటించడం

గుంటూరు చుట్టుపక్కల పాడి ఉన్న రైతును గేదె ఎప్పుడు ఈనుతుందని అడిగితే, ఆయన పొదుగు వైపు చూడకముందే చూలు కట్టిన రోజు నుంచి నెలలు లెక్కపెడతాడు. అక్వేరియంలో గప్పీలనో మోలీలనో పెంచే మనం మాత్రం ఆ పద్ధతిని వదిలేసి, పొట్ట కింద నల్ల చుక్క కనబడగానే కంగారుపడి తల్లిచేపను చిన్న డబ్బాలోకి మారుస్తాం. తల్లి, పిల్లలు నష్టపోవడం చాలాసార్లు ఆ తొందరతోనే మొదలవుతుంది. చుక్క కన్నా పొట్ట ఆకారాన్ని, పొట్ట ఆకారం కన్నా క్యాలెండరులో రాసిపెట్టుకున్న తేదీని ఎక్కువగా నమ్మవచ్చునని నాకు కొన్ని చేపలు పోయిన తరువాత గాని తెలియలేదు.

ఇక్కడి దుకాణాలలో సులువుగా దొరికే గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ నాలుగూ పొసీలిడే కుటుంబానికి చెందిన చేపలు. దోమ పిల్లలను తినడం కోసం నిలవ నీటి గుంటలలో వదిలే గంబూసియా కూడా ఈ కుటుంబానిదే. అయితే అది ఇతర చేపల రెక్కలు కొరుకుతుంది, పిల్లలను మింగుతుంది కనుక అక్వేరియంలోకి తేకూడదు. వీటిలో గుడ్డు తల్లి కడుపులోనే ఫలదీకరణ చెంది, పిండం ముఖ్యంగా తన పచ్చసొన మీద ఆధారపడి పెరిగి, ఈదగలిగే పిల్లగా బయటికి వస్తుంది.

మగ చేపను, ఆడ చేపను వేరుచేసి చూడటం మొదటి పని. తోక రంగును బట్టి కాక, పొట్ట వెనుక కింది భాగంలో ఉండే రెక్కను బట్టి నిర్ణయించుకోవాలి. ఆడ చేపకు ఆ రెక్క విసనకర్రలా విప్పుకొని ఉంటుంది. మగ చేపకు అది సన్నగా, పుల్లలా వెనక్కి వాలి ఉంటుంది, సంపర్కానికి ఉపయోగపడే అవయవం అదే. స్వోర్డ్‌టెయిల్ మగ చేపకు తోక కింద కత్తి మొలిచే వయసు రాకముందే ఈ రెక్కలో మార్పు కనిపించవచ్చు.

మరొక సంగతి ముందే తెలిసి ఉంటే సగం ఆశ్చర్యాలు తప్పుతాయి. ఈ ఆడ చేపలు ఒకసారి అందుకున్న వీర్యాన్ని నెలల తరబడి శరీరంలో దాచుకొని, దానితోనే వరుసగా అనేక కాన్పులు కనగలవు. దుకాణంలో ఆడ, మగ చేపలు ఒకే తొట్టిలో తిరుగుతుంటాయి కనుక, అక్కడ నుంచి తెచ్చిన పెద్ద ఆడ చేప ఇప్పటికే చూలుతో ఉందనుకోవడమే మంచిది. ‘మా ట్యాంకులో మగ చేపే లేదు, పిల్లలు ఎక్కడివి?’ అని అడిగేవారికి జవాబు ఇదే.

చుక్క, పొట్ట, తేదీ

పొట్ట చివర, కింది రెక్క మొదలయ్యే చోటుకు కొంచెం ముందు, చర్మం లోపలి నుంచి ముదురు రంగు మచ్చ కనిపిస్తుంది. చూలు ముదిరేకొద్దీ అది పెద్దదై నలుపెక్కుతుంది. లేత రంగు గప్పీలలో కాన్పుకు కొద్ది రోజుల ముందు టార్చి వెలుతురు పక్క నుంచి వేసి చూస్తే, లోపలి పిల్లల కళ్ళు ఆవగింజల్లా చుక్కలు చుక్కలుగా కూడా కనిపిస్తాయి. అయితే ఈ గుర్తుకు మూడు లోపాలు ఉన్నాయి. చూలు లేని పెద్ద ఆడ చేపలోనూ మచ్చ లేతగా ఉంటుంది. ఎర్ర కళ్ళ తెల్ల రకాలలో, బంగారు రంగు రకాలలో అది నల్లగా కాక నారింజ రంగులోనో గులాబి రంగులోనో ఉంటుంది. నల్ల మోలీలో అసలు కనిపించదు. నల్ల మోలీ కొన్నవారు చుక్క కోసం వెతకడం మానేసి పొట్ట మీదే దృష్టి పెట్టాలి.

పొట్టను పక్క నుంచీ, పై నుంచీ కూడా చూడాలి. చూలు తొలి వారాలలో పొట్ట గుండ్రంగా ఉబ్బుతుంది. చివరి రోజులలో ఛాతీ దగ్గర గుండ్రం పోయి, పక్క నుంచి చూస్తే డబ్బాలా మూల తేలుతుంది. వారానికి రెండుసార్లు, మేత వేయకముందు, ఒకే కోణంలో ఫోన్‌తో ఫోటో తీసి పోల్చి చూస్తే ఈ మార్పు కంటితో కన్నా స్పష్టంగా తెలుస్తుంది.

ఉబ్బిన ప్రతి పొట్టా చూలు పొట్ట కాదు. చేప పొలుసులు లేచి, పై నుంచి చూసినప్పుడు ఒళ్ళంతా గరుకుగా ముళ్ళు విప్పుకున్నట్లు కనిపిస్తే అది చూలు కాదు, శరీరంలో నీరు పట్టిన జబ్బు. ఆ చేపను వెంటనే వేరే తొట్టిలోకి మార్చాలి. పొట్ట ఒక రోజులో ఉబ్బి, చేప మేత ముట్టక, తెల్లని దారంలాంటి మలం వదులుతుంటే అజీర్ణమో పేగు జబ్బో అనుకోవాలి. అజీర్ణమైతే ఒకటి రెండు రోజులు మేత ఆపి, తరువాత ఉడికించి తొక్క తీసిన పచ్చి బఠాణీని చిదిపి కొద్దిగా వేస్తే తరచుగా తగ్గుతుంది. చూలు వల్ల పొట్ట ఇలా ఒక్క రోజులో పెరగదు, వారాల మీద పెరుగుతుంది.

ఇక తేదీ. గప్పీకి చూలు కాలం సుమారు 21 నుంచి 30 రోజులు, ప్లాటీకి, స్వోర్డ్‌టెయిల్‌కు ఇంచుమించు నాలుగు వారాలు, మోలీకి నాలుగు నుంచి ఆరు వారాలు. నీరు వెచ్చగా ఉంటే కాలం కుదించుకుపోతుంది, చల్లగా ఉంటే సాగుతుంది. కొన్న చేప ఎప్పుడు చూలు కట్టిందో తెలియదు కనుక తొలి కాన్పుకు లెక్క దొరకదు. ఆ కాన్పు జరిగిన రోజును రాసిపెట్టుకుంటే చాలు. అక్కడ నుంచి అదే చేప అదే నీటిలో దాదాపు అంతే వ్యవధితో కంటూ పోతుంది. నాలుగైదు ఆడ చేపలు ఉన్నవారు ఒక్కొక్కదాని రంగు, మచ్చ గుర్తు రాసుకొని విడివిడిగా తేదీలు వేసుకోవాలి.

చూలు కాలంలో నీరు, ఎండ, మేత

ఈ జాతి చేపలు కొంచెం ఖనిజాలు కలిగిన, క్షారగుణం వైపు మొగ్గే నీటిని కోరుకుంటాయి. పి.హెచ్. 7 నుంచి 8 మధ్య ఉంటే వీటికి హాయి. ఇంట్లో ‘శుభ్రమైన నీళ్ళు’ అనగానే ఆర్‌.ఓ. నీళ్ళో, 20 లీటర్ల క్యానులో వచ్చే నీళ్ళో గుర్తుకొస్తాయి. ఖనిజాలు తీసేసిన ఆ నీళ్ళు మనకు తాగడానికి బాగుండవచ్చు గాని, గప్పీలకు, ముఖ్యంగా మోలీలకు సరిపడవు. ఆ నీటిలో చూలు మోలీ రెక్కలు ముడుచుకొని ఒకేచోట ఊగుతూ ఉండిపోతుంది. కుళాయి నీటినైతే వెడల్పాటి బకెట్టులో మూత లేకుండా ఒక రోజు ఉంచి, లేదా దుకాణంలో దొరికే క్లోరిన్ విరుగుడు మందు వేసి వాడాలి. బోరు నీటిలో సాధారణంగా క్లోరిన్ ఉండదు, గట్టితనం, అంటే కరిగిన ఖనిజాలు, ఎక్కువగా ఉంటే ఈ చేపలకు అది ఇబ్బంది కాదు. అయినా ఆ నీటిని కూడా ఒక పూట గాలి తగలనిచ్చి వాడటం మేలు. ఏ నీరైనా వారానికి నాలుగో వంతుకు మించకుండా, పాత నీటి వెచ్చదనానికి సమంగా ఉండేలా మార్చాలి. చూలు చేప ఉన్న ట్యాంకును మొత్తం ఖాళీ చేసి కడగడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు.

మోలీలు ఒక్కటే ఉన్న ట్యాంకులో పది లీటర్లకు ఒక చిన్న చెంచా చొప్పున రాళ్ళ ఉప్పును కరిగించి పోయవచ్చు. అయోడిన్ కలిపిన మెత్తటి ఉప్పు వద్దు.

మన ఊళ్ళలో అసలు సమస్య ఎండ. వీటికి 24 నుంచి 28 డిగ్రీల నీరు అనువైనది. మే నెలలో పగటి ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు, పడమటి గోడకు ఆనించిన ట్యాంకులో నీరు 33, 34 డిగ్రీలకు చేరడం వింత కాదు. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగి ఉండే ఆక్సిజన్ తగ్గుతుంది, చేపకు అవసరం మాత్రం పెరుగుతుంది. కడుపు నిండా పిల్లలున్న చేపకు ఈ బిగువు మరింత కష్టం. కనుక రోహిణి కార్తెకు ముందే ట్యాంకును కిటికీకి దూరంగా జరిపి, గాజు మూత తీసి దోమతెర కప్పి, నీటి మీదుగా చిన్న ఫ్యాను గాలి తగిలేలా పెట్టాలి. నీరు ఆవిరైపోతూ రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంది. ఆవిరైన మేరకు రోజూ నీరు పోస్తూ ఉండాలి. ఐసు ముక్కలు వేయకూడదు, నీటి వెచ్చదనం ఒక్కసారిగా పడిపోతే చూలు చేప నెలలు నిండకుండానే పిల్లలను వదిలేస్తుంది. కరెంటు పోయినప్పుడు ఆగిపోని విధంగా బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోవడం వేసవికి సరిపోయే పెట్టుబడి.

మేత రోజుకు రెండు మూడుసార్లు, రెండు నిమిషాలలో ఖాళీ చేసేంత చాలు. పొడి మేతతో పాటు వారంలో రెండు రోజులు ఉడికించిన పాలకూర తునకలనో బఠాణీనో, మరో రెండు రోజులు ఆర్టీమియా అనే ఉప్పునీటి చిన్న రొయ్యలనో దోమ పిల్లలనో వేస్తే తల్లి ఒంట్లో సత్తువ నిలుస్తుంది. మగ చేపలు ఆడ చేపను అస్తమానం తరుముతుంటే అది తిండి మానేస్తుంది. ఒక మగ చేపకు కనీసం రెండు మూడు ఆడ చేపలు ఉండేలా చూసుకోవాలి.

కాన్పు రోజు

చేప గుంపును వదిలి మొక్కల వెనుకకో ఫిల్టరు పక్కకో చేరుతుంది. మేత వేసినా ముట్టదు, నోట వేసుకొని ఉమ్మేస్తుంది. శ్వాస వేగం పెరుగుతుంది. ఒళ్ళు ఉండుండి జలదరిస్తుంది. ఈ లక్షణాలు కలిసి కనిపిస్తే ఒక రోజులోపే కాన్పు అనుకోవచ్చు.

ఇక్కడే చిన్న డబ్బాల విషయం చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం నేను ఒక ఎర్ర ప్లాటీకి చుక్క కనబడిన నాడే దానిని అరచేయంత ప్లాస్టిక్ కాన్పు డబ్బాలో పెట్టాను. తేదీ లెక్క లేకపోవడం వల్ల అది పదహారు రోజులు ఆ ఇరుకులో గోడలకు మూతి కొట్టుకుంటూ ఉండిపోయింది. పదిహేడో రోజు పొట్టకు పచ్చసొన సంచులు వేలాడుతున్న పిల్లలను వదిలింది. ఒక్కటీ బతకలేదు, రెండు రోజులకు తల్లి కూడా పోయింది. డబ్బాను నేను ఇప్పటికీ వాడతాను గాని, పైన చెప్పిన లక్షణాలు కనిపించిన తరువాత మాత్రమే, అదీ ట్యాంకు నీటిలోనే వేలాడదీసి, పిల్లలు వచ్చిన కొద్ది గంటలకే తల్లిని బయటికి వదిలేస్తాను.

చోటు ఉన్నవారికి ఇంతకన్నా మంచి దారి ఉంది. 25, 30 లీటర్ల వేరే తొట్టిలో స్పాంజి ఫిల్టరు పెట్టి, పాత ట్యాంకు నీటితోనే నింపి, దట్టంగా మొక్కలు వేసి, తేదీకి నాలుగైదు రోజుల ముందు తల్లిని అందులోకి మార్చడం. వలతో ఎత్తకుండా గిన్నెతో నీటితో సహా ముంచి మార్చాలి. తేలే అంతరతామర వేళ్ళు పిల్లలు దాక్కోవడానికి బాగా పనికొస్తాయి. కాలువల నుంచి మొక్కలు తెచ్చుకునేవారు మాత్రం వాటిని వారం రోజులు వేరే బకెట్టులో ఉంచి, జలగలు, నత్తలు, తూనీగ పిల్లలు లేవని చూసుకొన్న తరువాతే వేయాలి. తూనీగ పిల్ల ఒక్కటి చేరినా చేపపిల్లలను పట్టి తింటూ ఉంటుంది.

కాన్పు ఎక్కువగా తెల్లవారుజామున జరుగుతుంది, కొన్ని గంటలు పట్టవచ్చు. పిల్లలు ఒకటొకటిగా ముడుచుకొని వచ్చి అడుగుకు జారి, కాసేపటికి నిటారై పైకి ఈదుతాయి. మధ్యలో లైటు వేయడం, గాజు తట్టడం, పొట్ట నొక్కడం వంటివి చేయరాదు. తొలి కాన్పులో పది, పదిహేను పిల్లలే రావచ్చు. పెద్ద మోలీ ఒకేసారి యాభైకి మించి కూడా కంటుంది. తల్లి తన పిల్లలను తింటుందన్నది నిజమే. అది క్రూరత్వం కాదు, నీటిలో కదిలే చిన్న వస్తువు ఏదైనా దానికి మేతగానే కనిపిస్తుంది.

పుట్టిన పిల్లలు

మొదటి రోజు నుంచే పిల్లలు తింటాయి. పొడి మేతను వేళ్ళ మధ్య పిండిలా నలిపి, రోజుకు మూడు నాలుగుసార్లు చిటికెడులో సగం వేయాలి. ఆర్టీమియా గుడ్లను ఉప్పునీటిలో గాలి బుడగలు ఆడిస్తూ ఉంచితే 24 నుంచి 36 గంటలలో పొదుగుతాయి, పిల్లల ఎదుగుదలకు వాటిని మించిన మేత నేను చూడలేదు. ఉడికించిన గుడ్డు పచ్చసొనను పలుచని గుడ్డలో మూటకట్టి నీటిలో ఒక్కసారి పిండి వేయవచ్చు గాని, మిగిలితే గంటలలో నీరు చెడుతుంది. ఆ రోజు తప్పకుండా కొంత నీరు మార్చాలి. నీరు తీసేటప్పుడు పిల్లలు కొట్టుకుపోకుండా ఎయిర్ పైపు చివర గుడ్డ కట్టాలి.

నాలుగో వారం వచ్చేసరికి గప్పీ పిల్లల కింది రెక్కను భూతద్దంతో పరిశీలించడం మొదలుపెట్టాలి. రెక్క పుల్లలా మారుతున్న మగవాటిని వెంటనే విడదీయకపోతే, అన్నాచెల్లెళ్ళ మధ్యే చూలు మొదలై సంతతి బలహీనపడుతుంది. పెరిగిన పిల్లలకు చోటు చాలనప్పుడు దుకాణానికో తోటి పెంపకందారులకో ఇవ్వాలి. బందరు కాలువలోనో ఊరి చెరువులోనో వదిలితే, ఈ పరాయి చేపలు అక్కడి చిన్న చేపల గుడ్లను, మేతను తింటూ పెరిగిపోతాయి.

తల్లి ట్యాంకుకు తిరిగి వచ్చిన మొదటి రెండు మూడు రోజులు మగ చేపలు దానిని మరింత తరుముతాయి. ఆ రోజులలో వాటి మధ్య వల అడ్డు పెట్టి, కాన్పు తేదీ పక్కన పిల్లల లెక్కను, ఆనాటి నీటి వెచ్చదనాన్ని కూడా రాసిపెట్టుకుంటే తరువాతి కాన్పుకు తొట్టి ఏ వారంలో సిద్ధం చేయాలో దాని నుంచే తెలుస్తుంది.