సొంతంగా వడ్రంగం – 6వ పాఠం: బల్లకు డాగ్‌లు

పోయిన పాఠంలో పని బల్లకి కుడి చివర వైస్ (మర తిప్పి చెక్కని దవడల మధ్య బిగించే పట్టు) బిగించాం. దాని దవడకి మందపాటి చెక్క కూడా తొడిగాం. ఇప్పుడు పలకని బల్ల మీద పరిచి చిత్రిక పట్టి చూడండి. రెండు తోపులకే పలక ముందుకి జారిపోతుంది. మన వడ్రంగులకి ఈ బాధ లేదు. నేల మీద కూర్చుని పాదాలతో చెక్కని అదిమిపెట్టి పని కానిచ్చేస్తారు. నిలబడి పనిచేసే మనకి ఆ పాదాల పని చేసిపెట్టేవే బెంచ్ డాగ్‌లు. బల్లలో వరసగా చిల్లులు వేసి, వాటిలో కొయ్య మేకుల్లాంటివి దించుతాం. ఒకటి వైస్ దవడలో, ఒకటి బల్లలో, పలక వాటి మధ్యలో. వైస్ తిప్పితే పలక ఇక కదలదు.

జర్మన్ బల్లల్లో నాలుగు పక్కల డాగ్‌లు ఉంటాయి. అవి చూడ్డానికి బాగుంటాయి, కానీ బల్ల అతికేటప్పుడే వాటి చిల్లులు తీసుకోవాలి. మన బల్ల తయారైపోయింది కాబట్టి గుండ్రటివే చేద్దాం.

ముందు డ్రిల్ బిట్ కొనండి. 19 మిల్లీమీటర్లు, అంటే ముప్పావు అంగుళం. హార్డ్‌వేర్ షాపులో ఆరు నూళ్ళంటే (నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు) కొందరికి తొందరగా అర్థమవుతుంది. 20 దొరికితే అదీ పనికొస్తుంది, కానీ ఒక సైజు మొదలుపెట్టాక దాన్నే పట్టుకుని ఉండాలి. డాగ్ ముందు చేసుకుని దానికి సరిపడా చిల్లు వేద్దామనుకోకండి. బిట్ ఎంత తొలిస్తే చిల్లు అంత. సన్నబరుచుకోవలసింది డాగ్‌నే.

ఇక చిల్లుల మధ్య దూరం. ఇక్కడ నా అనుభవం చెప్పాలి. మొదటి బల్లకి 200 మిల్లీమీటర్లకొక చిల్లు వేశాను, తక్కువ చిల్లులైతే బల్ల గట్టిగా ఉంటుందని. వైస్ తెరుచుకునేది 150. దాంతో 610 పొడవు దాకా పలకని పట్టేది, మళ్ళీ 660 నుంచి పట్టేది. నేను చేస్తున్న స్టూలు పలక సరిగ్గా 630! పక్కన తుక్కు ముక్క పెట్టి ఎలాగో బిగించాను, అది రెండుసార్లు ఎగిరి కింద పడింది. వైస్ తెరుచుకునే దానికంటే చిల్లుల దూరం తక్కువ ఉండాలి, అంతే లెక్క. 100 పెట్టుకోండి. ముందంచు నుంచి 75 దూరంలో గీత గీయండి. వైస్ దవడలో వేసే చిల్లు కూడా అదే గీత మీద పడాలి. కాళ్ళు, అడ్డపట్టీలు ఎక్కడున్నాయో వంగి చూశాకే గుర్తులు పెట్టండి.

తొలిచేటప్పుడు డ్రిల్‌కి పక్క హ్యాండిల్ తప్పనిసరి. లావు బిట్ ముడిలో ఇరుక్కుంటే మణికట్టు తిరిగిపోతుంది. బిట్ పక్కన మూలమట్టం నిలబెట్టి, రెండు వైపుల నుంచీ చూస్తూ నిటారుగా దించండి. బిట్ మొన అడుగున కాస్త తొంగిచూడగానే ఆపి, కింద నుంచి పూర్తి చేయండి. పైనుంచే ఒక్క దమ్మున దించేస్తే అడుగు పెచ్చులు లేస్తుంది. చివర్లో చిల్లు అంచుని ఉప్పుకాగితంతో కొద్దిగా గుండ్రం చేయాలి. లేకపోతే డాగ్ లాగిన ప్రతిసారీ ఒక పేడు ఊడొస్తుంది.

డాగ్‌కి ఇనప బోల్టు వాడొచ్చు కదా అని అడుగుతారు. నేనూ వాడాను. చిత్రిక వెళ్ళి దానికి తగిలింది. పదును మధ్యలో గంటు పడింది, సానరాయి మీద గంటసేపు కూర్చోవాల్సి వచ్చింది. చెక్క డాగ్‌కి తగిలితే డాగే తెగుతుంది, ఇంకోటి చేసుకుంటాం. బండి చక్రాలకీ నాగళ్ళకీ వాడిన నల్లతుమ్మ దొరికితే అదే వాడండి. టేకు కూడా నడుస్తుంది.

పోగు నిలువుగా సాగిన ముక్కని 21 మిల్లీమీటర్ల చతురస్రంగా చేసి, మూలలు చిత్రికతో తీస్తే ఎనిమిది పక్కలు వస్తాయి. 6 మిల్లీమీటర్ల ఇనప రేకులో లేత్ షాపువాళ్ళ చేత 19 మిల్లీమీటర్ల చిల్లు వేయించుకోండి. ముక్క కొసని పెన్సిల్ మొనలా చెక్కి, రేకు చిల్లులో పెట్టి, కొయ్యసుత్తితో కొడుతూ అవతలికి దించాలి. రేకు అంచే చెక్కని గుండ్రంగా గీకేస్తుంది. మన బల్ల మందం 70 కాబట్టి డాగ్ పొడవు 110 చాలు.

ఇప్పుడు అసలైన పని, డాగ్ ముఖం. పలక ఆనే వైపు పైనుంచి 25 మిల్లీమీటర్ల కింద అడ్డంగా 5 లోతు రంపంతో కోయండి. పైకొసలో మాత్రం 4 లోతే గుర్తు పెట్టండి. ఈ రెండింటినీ కలుపుతూ ఉలితో చెక్కితే ముఖం కొద్దిగా ముందుకి వాలి ఉంటుంది. ఆ ఒక్క మిల్లీమీటరు వాలు లేకపోతే, వైస్ బిగించినప్పుడు పలక పైకి లేస్తుంది. వాలు ఉంటే బల్లకి అదుముకుంటుంది. చెక్కేటప్పుడు డాగ్ దొర్లకుండా, ఒక దుంగలో వి ఆకారపు గాడి తీసి అందులో పడుకోబెట్టండి.

చిల్లులో డాగ్ బిగుతుగా ఉండాలనుకోవడం సహజం. మే నెలలో చక్కగా కూర్చున్న డాగ్ జూలైలో చెమ్మకి ఉబ్బి, సుత్తితో కొట్టినా రాదు. అందుకే ఉప్పుకాగితంతో రుద్ది దాన్ని వదులుగానే చేయండి, దానంతట అది కిందికి జారిపోయేంత వదులుగా. దాన్ని ఆపడానికి వెదురు బద్ద ఉంది. ముఖానికి లంబంగా ఉండే పక్కన, అడుగు భాగంలో 60 పొడవు, 8 వెడల్పు, 5 లోతు గాడి తీయండి. 2 మిల్లీమీటర్ల మందం వెదురు బద్దని కొవ్వొత్తి మంట మీద వేడి చేసి విల్లులా కాస్త వంచండి. కింది కొసని చిన్న స్క్రూతో బిగించి, పైకొసని గాడిలో వదిలేయండి. పొట్ట ఒకటిన్నర మిల్లీమీటరు బయటికి కనిపించాలి. బొటనవేలితో నొక్కితే డాగ్ దిగాలి, చెయ్యి తీస్తే అక్కడే ఆగాలి. ఈ రెండూ కుదిరేదాకా బద్దని పల్చన చేస్తూ ఉండండి. నాకు నాలుగో బద్దకి కుదిరింది.

వాడేటప్పుడు డాగ్ తల పలక కంటే కిందే ఉండాలి. 12 మిల్లీమీటర్ల పలకకి 8 పైకి తీస్తే చాలు. వైస్‌ని బలం కొద్దీ తిప్పకండి. పల్చటి పలక విల్లులా పైకి వంగుతుంది, దాన్ని అలాగే సాపు చేస్తే వదిలాక మధ్యలో గుంట తేలుతుంది. పలక కదలనంత వరకే బిగించండి.

వారం లోపు నాలుగు డాగ్‌లు చేసుకోండి, రెండు పనికి, రెండు అడ్డుగా నిలబెట్టడానికి. బల్ల వెనక వరస చిల్లులు మాత్రం ఇప్పుడే వేయకండి. వాటి చోటు హోల్డ్‌ఫాస్ట్ (చెక్కని పైనుంచి బల్లకి అదిమిపెట్టే కొక్కెం) చేతి పొడవుని బట్టి ఉంటుంది, అది వచ్చే పాఠంలో.