నైలాన్ 66 మొరాయిస్తోందా? ముందు నూనె డబ్బా పక్కన పెట్టండి

పాత రెమింగ్టన్ నైలాన్ 66 రైఫిల్ కొన్న కొత్తలో నేను చేసిన మొదటి పని, కుట్టు మిషన్‌కి పోసినట్టు లోపలంతా నూనె పోయడం. వారం తిరిగేసరికి నాలుగు తూటాలకోసారి ఇరుక్కోవడం మొదలైంది. 1959లో అమెరికాలో వచ్చిన ఈ పాయింట్ 22 రైఫిల్ ఒళ్లు చాలావరకు డ్యూపాంట్ వాళ్ల జైటెల్ నైలాన్, బరువు రెండు కిలోల లోపే. తూటాను లోపలికి నెట్టే బోల్ట్ జారేది కూడా ఆ నైలాన్ మీదే కాబట్టి దానికి నూనె అక్కర్లేదు. ఇదేమీ సున్నితమైన సరుకు కాదు, అదే ఏడాది టామ్ ఫ్రై అనే ఆయన దీనితో 1,00,010 చెక్కముక్కలను గాల్లో కాల్చి ఆరింటినే వదిలేశాడు.

ఏది ముట్టుకునే ముందైనా తుపాకీ ఖాళీ చేయండి. వెనక, భుజానికి ఆనించే బట్‌లోంచి తూటాలుండే మ్యాగజైన్ గొట్టం లాగేస్తే ఖాళీ అయిపోయినట్టు కాదు, తూటా పేలే గది అయిన ఛాంబర్‌లో ఒకటి మిగిలి ఉండొచ్చు. బోల్ట్ రెండు మూడుసార్లు లాగి, కంటితో చూసి, వేలు పెట్టి తడిమి మరీ నిర్ధారించుకోండి.

తూటా లోపలికి రావట్లేదా? ఎక్కువసార్లు దోషం గొట్టానిదే. 14 తూటాలు పట్టే ఆ సన్నటి గొట్టం ఎక్కడైనా సొట్టపడినా, లోపల మసి పేరుకున్నా, స్ప్రింగ్ అలిసిపోయినా తూటాలు మధ్యలో ఆగిపోతాయి. పొడిగుడ్డతో తుడిచి, స్ప్రింగ్ తేలిగ్గా జారుతోందో లేదో చూడండి. సొట్ట ఉంటే సుత్తి తీయకండి, గొట్టం మార్చేయండి. అప్పటికీ రాకపోతే తూటాను ఛాంబర్ వైపు నడిపే చిన్న రేకు వంగి ఉండొచ్చు, అదీ మార్చాల్సిందే.

పేలాక మిగిలే ఖాళీ కేసు (తూటా తొడుగు) బయటికి ఎగరకుండా ఇరుక్కుంటే ఛాంబర్‌లో మైనం, మసి కలిసి గట్టిపడ్డాయని అర్థం. సాల్వెంట్‌లో ముంచిన బ్రష్‌తో ఛాంబర్ రుద్ది, ఆ కేసును బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద టూత్‌పిక్‌తో గీకి, చివర్లో అంతా పొడిగా తుడిచేయండి. మెల్లగా వెళ్లే సబ్‌సోనిక్ తూటాలు వాడుతుంటే బోల్ట్ పూర్తిగా వెనక్కి రాకపోవచ్చు, వేగంగా వెళ్లే హై వెలాసిటీ ‘లాంగ్ రైఫిల్’ రకం తూటాలతో ఒకసారి చూడండి.

గురి రోజుకో చోటికి పోతోందా? దీని రిసీవర్‌లా (బోల్ట్ ఉండే మధ్య భాగంలా) కనిపించేది నిజానికి నైలాన్ మీద తొడిగిన ఉక్కు రేకు. గురి చూసే వెనక సైట్ ఆ రేకు మీద, ముందుది బ్యారెల్ మీద. రేకు కదిలితే గురీ కదులుతుంది, స్కోప్ పెట్టినవాళ్ల బాధ ఇంకా ఎక్కువ. రేకు స్క్రూలు, కింద బ్యారెల్‌ను పట్టి ఉంచే స్క్రూ బిగించండి, పహిల్వాన్ బలం మాత్రం చూపించకండి.

క్లిక్ మంది, పేలలేదు. అలాగే టార్గెట్ వైపు పెట్టి అరనిమిషం ఆగి, అప్పుడు తీయండి. కొత్త పెట్టెలోని తూటాలూ అలాగే అంటే తూటాను కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్ దగ్గర మురికి చేరి ఉంటుంది. చప్పుడు తుస్సుమంటే మాత్రం ఇంకో తూటా కాల్చొద్దు, బ్యారెల్‌లో గుండు ఆగిపోయి ఉండొచ్చు. ఖాళీ చేసి, రాడ్ పెట్టి చూడాలి.

ఒక్కసారి ట్రిగ్గర్ నొక్కితే రెండు పేలాయా? దానికి ఇంట్లో వైద్యం లేదు, అక్కడికక్కడే ఆపి గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లండి. లోపలి ట్రిగ్గర్ భాగాలు విప్పిన వీరులు తర్వాత ఆ స్ప్రింగులన్నీ సంచీలో వేసుకుని అక్కడికే వస్తుంటారు.