బరువైన డ్రాగ్ కారుకు వెనక టైర్లు ఎలా ఎంచుకోవాలి

తిరుపతిలో రేణిగుంట రోడ్డు మీద నాకు టైర్ల షాపు ఉంది. పగలంతా టాక్సీలు, ఇన్నోవాలు, తిరుమల ఘాట్ ఎక్కి దిగే బండ్లు. సాయంత్రమైతే శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు డ్రాగ్ రేసుకని (నిలబడ్డ చోటి నుంచి నేరుగా 402 మీటర్ల పరుగు) వెళ్ళే కుర్రాళ్ళు వస్తారు. వాళ్ళ మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "అన్నా, వెనక ఎంత వెడల్పు టైరు పడుతుంది?" తేలికైన బండి అయితే ఆ ప్రశ్నతో మొదలుపెట్టినా పెద్ద నష్టం లేదు. పదిహేడు, పద్దెనిమిది వందల కిలోల సెడాన్‌కు మాత్రం ముందు సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) చూడాలి, తర్వాత ఎత్తు, ఆ తర్వాతే వెడల్పు. ఎందుకో లెక్కతోనే చెప్తాను.

డ్రైవరుతో కలిపి 1800 కిలోలున్న వెనక చక్రాల డ్రైవ్ కారు తీసుకుందాం. నిలబడి ఉన్నప్పుడు బరువులో 48 శాతం వెనక ఉంటే అది 864 కిలోలు. బండి 0.8 జీ (గురుత్వ త్వరణంలో 0.8 వంతు) వేగవృద్ధితో లేచిందనుకోండి. గరిమనాభి ఎత్తు 55 సెంటీమీటర్లు, వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2.8 మీటర్లు అయితే దాదాపు 280 కిలోలు ముందు నుంచి వెనక్కి వస్తాయి. అంటే ఒక్కో వెనక టైరు మీద సుమారు 570 కిలోలు. ఆ బరువు మెల్లగా రాదు, క్లచ్ వదిలిన క్షణంలో దెబ్బలా పడుతుంది. ఆ దెబ్బను కాచుకునేది సైడ్‌వాలే.

టైరు మీద 94 అని లోడ్ ఇండెక్స్ ఉంటే 670 కిలోలు మోస్తుందని అర్థం, నిజమే. కానీ ఆ అంకె నిండుగా గాలి ఉన్నప్పటిది. మనం డ్రాగ్‌కు సగం గాలి తీసేస్తాం. ఈ సంగతి చాలామంది మర్చిపోతారు.

వెడల్పు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. నేలను తాకే చోటు ఎంతన్నది ముఖ్యంగా బరువు, గాలి ఒత్తిడి తేలుస్తాయి. 570 కిలోలను 32 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) మీద నిలబెడితే దాదాపు 250 చదరపు సెంటీమీటర్లు తాకుతుంది. 16 పీఎస్ఐకి దించితే 500 దాకా వస్తుంది. గాలి మార్చకుండా 255 మిల్లీమీటర్ల వెడల్పు టైరు తీసి 305 వేస్తే ఆ వైశాల్యం పెద్దగా పెరగదు, ఆకారం మాత్రం అడ్డంగా సాగి నిలువున కురచ అవుతుంది. వెడల్పు టైరు లాభం ఏమిటంటే ఇంకొంచెం గాలి తగ్గించినా నిలబడుతుంది, వేడిని కాస్త ఎక్కువ తట్టుకుంటుంది. అది కావాల్సిందే, కానీ అదే మొదటి మెట్టు కాదు.

ఇప్పుడు సైడ్‌వాల్. 275/40ఆర్18 అంటే వెడల్పు 275 మిల్లీమీటర్లు, గోడ అందులో 40 శాతం, రిమ్ము 18 అంగుళాలు; దాని గోడ ఎత్తు 11 సెంటీమీటర్లు. అదే 275 వెడల్పులో 275/60ఆర్15 తీసుకుంటే గోడ 16.5 సెంటీమీటర్లు. లాంచ్‌లో, అంటే బండి లేచే క్షణంలో, ఈ గోడ ముడతలు పడుతూ చుట్టుకుని, మళ్ళీ విప్పుకుంటూ బండిని నెట్టుతుంది. పొట్టి గోడకు ముడత పడే చోటే ఉండదు, దెబ్బ నేరుగా రబ్బరుకు తగిలి టైరు పట్టు లేకుండా ఉన్నచోటే తిరిగిపోతుంది. అలాగని మెత్తగా ఉంటే చాలనుకోకూడదు. తేలిక బండికి చేసిన మెత్తని స్లిక్‌ను (గాడులు లేని రేసు టైరును) ఈ బరువుకు వేస్తే గోడ మరీ నలిగిపోతుంది, 402 మీటర్ల చివర్లో వెనక భాగం అటూ ఇటూ ఊగుతుంది. 180, 200 వేగంలో ఆ ఊగు మంచిది కాదు. డ్రాగ్ స్లిక్‌లు చేసే కంపెనీలు బరువైన బండ్లకు, క్లచ్ బండ్లకు గట్టి గోడ రకం వేరుగా అమ్ముతాయి. కొనేటప్పుడు కారు బరువు, గేర్‌బాక్స్ మాన్యువలా ఆటోమేటిక్కా అన్నది చెప్పి అడగండి. ఆటోమేటిక్‌కు దెబ్బ కాస్త మెత్తగా తగులుతుంది కాబట్టి గోడ కొంచెం మెత్తనిదైనా సరిపోతుంది.

బయాసా (లోపలి దారాల పొరలు ఏటవాలుగా వేసిన టైరు), రేడియలా (ఆ పొరలు నేరుగా అడ్డంగా వేసినది) అన్న వాదన మా షాపులో ఎప్పుడూ తెగదు. బాగా జిగురు పట్టించి రబ్బరు పరిచిన ట్రాక్ మీద రేడియల్ వేగమైనది. దొర్లడానికి తక్కువ శక్తి తింటుంది, చివర్లో బండి నిటారుగా పోతుంది. కానీ రేడియల్ ఒకసారి జారిందంటే మళ్ళీ పట్టు దొరకడం కష్టం, ఆ పరుగు పోయినట్టే. బయాస్ జారినా కాలు కాస్త ఎత్తితే మళ్ళీ పట్టుకుంటుంది. మన దగ్గర చాలా పోటీలు సర్క్యూట్ స్ట్రెయిట్ మీదో, రన్‌వే మీదో జరుగుతాయి. అక్కడ దుమ్ము ఉంటుంది, ఎండకు మెరిసే తారు ఉంటుంది. అందుకే బరువైన కారుకు, అందులోనూ మాన్యువల్ గేర్‌కు, నేను గట్టి గోడ బయాస్ వైపే మొగ్గుతాను. టర్బో ఒత్తిడిని గేరు గేరుకూ సర్దే ఎలక్ట్రానిక్స్ ఉంటే రేడియల్ తీసుకోండి. బయాస్ వెనక, రోడ్డు రేడియల్ ముందు పెట్టి చాలామంది పరుగెడతారు, కానీ ఆ జతకు చివర్లో బండి నిలకడ తప్పే గుణం ఉంటుంది. మొదటి పరుగు సగం దూరం వరకే చేసి చూడండి.

సర్క్యూట్ రేసుల్లో వాడిన స్లిక్‌లు తక్కువ ధరకు దొరుకుతాయని తెస్తారు కొందరు. వాటి గోడ మలుపుల కోసం బిగుతుగా చేసింది. డ్రాగ్‌కు పనికిరాదు, డబ్బు దండగ.

ఎత్తు మార్చితే గేర్ లెక్క మారుతుంది. డిఫరెన్షియల్ (వెనక యాక్సిల్ గేర్) నిష్పత్తి 3.73, టాప్ గేర్ 1:1 అనుకుంటే, 28 అంగుళాల టైరుతో 180 కిలోమీటర్ల వేగానికి ఇంజిన్ దాదాపు 5000 ఆర్‌పీఎం తిరుగుతుంది. 26 అంగుళాలైతే 5400. మీ ఇంజిన్ శక్తి ఎక్కడ పడిపోతుందో చూసుకుని ముగింపు గీత దాటే చోట ఇంజిన్ ఆ ఆర్‌పీఎం దగ్గరికి చేరేలా ఎత్తు ఎంచుకోండి. స్లిక్ సైజు 28x10.5-15 అని ఉంటుంది: ఎత్తు, తొక్కే భాగం వెడల్పు, రిమ్ము, అన్నీ అంగుళాల్లో. బయాస్ స్లిక్ వేగంలో ఇంకా ఉబ్బుతుంది కాబట్టి ఫెండర్ లోపల ఖాళీ వదలండి.

పెద్ద సెడాన్లకు 15 అంగుళాల రిమ్ము వెనక కాలిపర్‌కు (బ్రేకు డిస్కును పట్టే భాగానికి) తగలొచ్చు. కొనక ముందే రిమ్ము తొడిగి, చేత్తో ఒక చుట్టు తిప్పి చూడాల్సిందే. 17 మాత్రమే పడితే 305/45ఆర్17 లాంటిది చూడండి, ఎత్తు 27.8 అంగుళాలు వస్తుంది, గోడ 13.7 సెంటీమీటర్లు మిగులుతుంది. రిమ్ము వెడల్పు స్లిక్ తొక్కే భాగానికి అటూ ఇటూ ఒక అంగుళంలో ఉండాలి. ఇరుకు రిమ్ము మీద మధ్య భాగం ఉబ్బి అంచులు తేలిపోతాయి.

ఇక గాలి. బరువైన కారుకు బయాస్ స్లిక్‌ను 14 దగ్గర, డ్రాగ్ రేడియల్‌ను 18 దగ్గర మొదలుపెట్టి అర పీఎస్ఐ చొప్పున దించండి. పెట్రోలు బంకు గేజీ దీనికి పనికిరాదు, 30 దాకా కొలిచే చిన్న గేజీ కొనండి. లైన్లో నిలబెట్టినప్పుడు ఎండ ఒక పక్క టైరు మీదే పడుతుంది. పది డిగ్రీలు వేడెక్కితే ఈ ఒత్తిళ్ళలో దాదాపు ఒక పీఎస్ఐ పెరుగుతుంది. రెండు టైర్లలో గాలి తేడా వస్తే బండి ఒక పక్కకు లాగుతుంది. మా వాళ్ళతో తడి గోనె కప్పిస్తాను, స్టేజింగ్‌కు (స్టార్ట్ గీత మీద నిలబెట్టడానికి) ముందు రెండు వైపులా మళ్ళీ కొలిపిస్తాను.

లాంచ్ తర్వాత నేల మీద నల్ల గీత దగ్గర వంగి చూడండి. మధ్యలో ముదురుగా, అంచుల్లో పలచగా ఉంటే గాలి ఎక్కువ. రెండు అంచులే నల్లగా ఉంటే తక్కువ. ఇంకో పని: తెల్ల పెయింట్‌తో రిమ్ము నుంచి టైరు మీదికి ఒక అడ్డగీత గీయండి. పరుగు తర్వాత ఆ గీత రెండు ముక్కలై వేలెడు పక్కకు జరిగిందంటే, రిమ్ము టైరులో జారుతోంది. బరువైన బండికి ఇది తరచుగా జరుగుతుంది. ట్యూబ్ ఉంటే వాల్వ్ చిరిగిపోతుంది. టైరు అంచును రిమ్ముకు పట్టి ఉంచే స్క్రూలు గానీ బీడ్‌లాక్ (అంచును బిగించే రింగు) గానీ పెట్టకుండా మళ్ళీ లైన్‌కు వెళ్ళొద్దు. పట్టు పెరిగితే యాక్సిల్, జాయింట్ల మీద కూడా అంత దెబ్బే పడుతుంది, వాటి ఖర్చు టైర్లతో పాటే లెక్కేసుకోండి.

పాత టైరు కొంటుంటే గోడ మీద తేదీ చూడండి. రోడ్డు అనుమతి ఉన్న రకాలకు నాలుగంకెలుంటాయి, 2321 అంటే 2021లో 23వ వారం. మెత్తని రబ్బరు మన ఎండకు త్వరగా గట్టిపడుతుంది. గోరు గుచ్చితే దిగని స్లిక్‌కు ఎంత తక్కువ ధర చెప్పినా వద్దు. నల్ల కవరులో చుట్టి నీడలో పెట్టండి, మోటార్ల దగ్గర పెట్టొద్దు, వాటి నుంచి వచ్చే ఓజోన్ రబ్బరును పగలదీస్తుంది.

స్లిక్ వేసుకుని రోడ్డెక్కొద్దు. పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా మామూలు టైర్లతోనే వెళ్ళి, స్లిక్‌లు వేరే బండిలో తెచ్చుకుని ట్రాక్ దగ్గర మార్చుకోండి. టార్క్ రెంచి మర్చిపోకండి, మొదటి పరుగు అయ్యాక నట్లు మళ్ళీ బిగించాలి.