రంగు వేసిన పూల్ క్యూనా, అసలు చెక్క క్యూనా? కొనేముందు ఎలా చూసుకోవాలి?

పాలకొల్లులో మా ఇల్లు కట్టించేటప్పుడు వడ్రంగి మేస్త్రిని వెంటబెట్టుకుని తలుపుల కోసం కలప అడితికి వెళ్లాం. కొట్టాయన నిగనిగలాడే తలుపొకటి ముందు నిలబెట్టి "టేకండి, చేవ చూసుకోండి" అన్నాడు. మేస్త్రి తలుపు ముఖం వైపు చూడనే లేదు. దాన్ని పడుకోబెట్టించి, కింది అంచు మీద బొటనవేలితో రాసి, "పైన ఏముంటే ఏంటండీ, అడుగు చూపించండి" అన్నాడు. పైన పల్చటి టేకు పొర, లోపల ఇంకేదో చెక్క.

ఆ సంగతి గుర్తుంటే తర్వాత నేను ఆన్‌లైన్లో పూల్ క్యూ (పూల్ టేబుల్ మీద బంతిని కొట్టే కర్ర) కొన్నప్పుడు మోసపోయేవాణ్ని కాదు. ఫొటోలో ఎర్రటి చారల కోకోబోలో అనే ఖరీదైన చెక్క. చేతికొచ్చాక కూడా కోకోబోలోలాగే ఉంది. ఒక వానాకాలం గడిచాక జాయింట్ (క్యూ రెండు ముక్కలూ కలిసే చోటు) దగ్గర చార ఒకటి గోరుకి తగిలింది. చూస్తే స్టిక్కర్ అంచు, దాని కింద పాలిపోయిన తెల్ల చెక్క. ఆటకి మాత్రం ఆ క్యూ ఏ లోటూ చేయలేదు, ఇప్పటికీ దాంతోనే ఆడుతున్నాను. నా బాధంతా లేని చెక్కకి కట్టిన డబ్బు గురించే.

ముందు క్యూలో ఏది ఎక్కడుందో తెలుసుకోండి

పూల్ క్యూ సాధారణంగా 58 అంగుళాల పొడవు, 18 నుంచి 21 ఔన్సుల బరువు ఉంటుంది. అంటే అర కేజీ పైచిలుకు. మధ్యలో విప్పితే రెండు ముక్కలు. బంతికి తగిలే మొన, అంటే టిప్ ఉన్న ముందు భాగం షాఫ్ట్, చేత్తో పట్టుకునే వెనక భాగం బట్. చెక్క షాఫ్టయితే చాలా వరకు హార్డ్ మేపుల్ అనే గట్టి చెక్కే. అలంకారమంతా బట్ మీద ఉంటుంది.

ఫ్యాక్టరీ క్యూల బట్ నాలుగు రకాలు. మొదటిది పూర్తిగా రంగు వేసింది. లోపల ఏ చెక్క ఉందో మనకి కనపడదు. రెండోది చెక్క బొమ్మ ముద్రించిన పల్చటి పొర అతికించి, పైన క్లియర్ కోట్ (రంగులేని మెరుపు పూత) కొట్టింది. నాకు తగిలింది ఇదే. మూడోది స్టెయిన్ పట్టించిన మేపుల్. చెక్క అసలుదే, రంగు మాత్రం అరువు. నాలుగోది నిజంగా ఎబోనీ, కోకోబోలో, బొకోటే, పర్పుల్‌హార్ట్ వంటి చెక్కతో చేసింది.

ఎబోనీ అనగానే ఎక్కడో ఆఫ్రికా అడవులు గుర్తొస్తాయి గానీ, మన ఏజెన్సీలో బీడీ ఆకు కోసే తునికి చెట్టుదీ అదే కుటుంబం. దాని నల్లటి చేవకి కోరమండల్ ఎబోనీ అని మన తీరం పేరే పెట్టారు. కోకోబోలో పుట్టిల్లు మధ్య అమెరికా, కానీ మన జిట్రేగికి దగ్గర చుట్టం. రెండూ డాల్బెర్జియా జాతివే. 2017 జనవరిలో ఆ జాతి మొత్తాన్ని అంతరించే ప్రమాదమున్న మొక్కలు, జంతువుల వ్యాపారం మీద ఉన్న సైటీస్ అంతర్జాతీయ ఒప్పందం కింద నియంత్రణలోకి తెచ్చారు. కాబట్టి ఐదారు బిర్యానీల ఖరీదుకి అసలు కోకోబోలో క్యూ ఇస్తామని ఎవరైనా అంటే, అక్కడే ఆగి ఆలోచించాలి.

వివరణలో ప్రతి మాటా చదవండి

"రోజ్‌వుడ్ ఫినిష్" అంటే రోజ్‌వుడ్ కాదు, ఆ రంగు. "ఎబోనీ స్టెయిన్" అంటే నల్ల రంగు పట్టించిన వేరే చెక్క. ఓవర్‌లే, డెకాల్, గ్రాఫిక్, ట్రాన్స్‌ఫర్ అని ఉంటే అది అతికించిన బొమ్మే. చెక్క పేరు పక్కన ఈ తోక మాటలేవీ లేకపోయినా, "బట్ ఏ చెక్కతో చేశారు? లోపల కోర్ ఏమిటి?" అని మెసేజ్ పెట్టి అడగండి. జవాబు దాటేస్తే అదే జవాబు.

కోర్ సంగతి విడిగా చెప్పాలి. అసలు చెక్క క్యూల్లోనూ కొన్నిటికి లోపల మేపుల్ కడ్డీ పెట్టి, పైన ఖరీదైన చెక్కని గొట్టంలా తొడుగుతారు. ఇది మోసం కాదు. ఖరీదైన చెక్క పొదుపవుతుంది, బట్ వంకరపోయే భయమూ తగ్గుతుంది. మా వైపు తేమకి అదే మేలు.

చేతిలోకి తీసుకుని ఇలా చూడండి

మేస్త్రి చెప్పినట్టు అడుగు నుంచే మొదలెట్టండి. బట్ చివర ఉన్న రబ్బరు బంపర్ చాలా క్యూలకి మరతో తిరిగి ఊడుతుంది, కొన్నిటికి లాగితే వస్తుంది. కొట్టువాళ్లని అడిగి తీయించండి. లోపల చెక్క కోత కనిపిస్తే దాని రంగూ, బయట రంగూ పోల్చుకోండి. బయట ముదురు గోధుమ, లోపల తెలుపు అయితే పైది రంగో, పొరో, తొడుగో. కొన్నిటికి చివరంతా ప్లాస్టిక్ మూతే ఉంటుంది, అక్కడ ఏమీ తెలియదు. అప్పుడు జాయింట్ విప్పి, కాలర్ (జాయింట్ చుట్టూ ఉండే పట్టీ) పక్కన చూడండి.

తర్వాత క్యూని ఎండలోకి తీసుకెళ్లండి. ట్యూబ్‌లైట్ కింద అన్నీ బాగానే కనిపిస్తాయి. ఎండలో బట్‌ని మెల్లగా తిప్పుతుంటే అసలు చెక్కలో మెరుపు కదులుతుంది, ఇప్పుడు వెలిగిన చార పావు వంతు తిప్పేసరికి మసకబారుతుంది. పట్టుచీర మడతలో రంగు మారినట్టు ఉంటుంది. ముద్రించిన పొరలో పైన క్లియర్ కోట్ మెరుస్తుందే తప్ప, లోపలి చార ఎటు తిప్పినా ఒకేలా ఉంటుంది.

అనుమానం ఇంకా తీరకపోతే ఫోన్ కెమెరాని బాగా దగ్గర పెట్టి, జూమ్ చేసి ఫొటో తీయండి. భూతద్దం ఉంటే మరీ మంచిది. ముద్రించినదైతే పేపర్లో ఫొటోలాగా రంగురంగుల సన్న చుక్కలు బయటపడొచ్చు. చాలా ఖరీదైన చెక్కల్లో సూదితో గుచ్చినట్టు, గీసినట్టు సన్నటి రంధ్రాలు కనిపిస్తాయి. ఎబోనీ మాత్రం బాగా చిక్కటి చెక్క, దానిలో అవి అంత తేలిగ్గా దొరకవు. అదే చూపుతో బట్ పొడవునా ఒక నిలువు గీత ఉందేమో వెతకండి. పొర చుట్టినప్పుడు రెండు అంచులు కలిసే చోట చారలు ఉన్నట్టుండి తెగిపోతాయి.

చాలా క్యూలకి బట్ ముందు భాగంలో ఈటెల్లాంటి కోణాలుంటాయి, వాటిని పాయింట్లంటారు. చెక్కలో చెక్క కూర్చి చేసిన పాయింట్ల పొడవులో వెంట్రుకవాసి తేడా ఉండొచ్చు, ఒక్కో దాని గీతలు ఒక్కోలా ఉంటాయి. అన్నీ అచ్చు గుద్దినట్టుంటే, గీతలు కూడా వాటిలో మళ్లీ మళ్లీ అవే వస్తే, అది బొమ్మే.

బరువు చూసి తేల్చకండి. ఎబోనీ మేపుల్ కంటే చాలా బరువైన మాట నిజమే, కానీ బట్ లోపల ఇనుప బోల్టు పెట్టి ఏ క్యూని ఎంత బరువైనా చేస్తారు. గోటితో గీకడం, నెయిల్ పాలిష్ రిమూవర్ పూసి చూడటం అసలొద్దు. చెక్క ఏదైనా పైన ఫినిష్ పాడైపోతుంది, కొట్టువాడు మీ చేతే కొనిపిస్తాడు.

డబ్బు ఎక్కడ పెట్టాలి

బంతికి బట్ రంగు తెలియదు. షాఫ్ట్ తిన్నగా ఉందా, టిప్ గట్టిగా అంటుకుని ఉందా, జాయింట్ బిగిస్తే సందు లేకుండా కూర్చుంటోందా అన్నదే ముఖ్యం. షాఫ్ట్‌ని, బట్‌ని విడివిడిగా టేబుల్ మీద దొర్లించండి. టిప్ ఎగిరెగిరి పడుతుంటే ఎంత ఎబోనీ అయినా వెనక్కిచ్చేయండి. కొత్తగా నేర్చుకునేవాళ్లకి నా సలహా, రంగు వేసిన బట్, మంచి షాఫ్ట్. అసలు చెక్క బట్ అనేది చూసి మురిసిపోవడానికి. అందులో తప్పేం లేదు, దానికి ఎంత కడుతున్నామో తెలిసి కడితే చాలు.

కొన్నాక

భీమవరం, అమలాపురం వైపు వానాకాలంలో ఉప్పు డబ్బా కూడా గడ్డ కడుతుంది. క్యూని గోడకి ఆనించి వదిలేయొద్దు, విప్పి పొడి గుడ్డతో తుడిచి కేసులో పెట్టండి. ఎండలో కారు డిక్కీలో అసలు ఉంచొద్దు. పర్పుల్‌హార్ట్ వెలుతురు తగిలేకొద్దీ వంకాయ రంగు నుంచి గోధుమ రంగుకి తిరుగుతుంది, అది చూసి నకిలీ అని కంగారుపడకండి.

నాలాగే పొర క్యూ వచ్చి, అంచు లేస్తే మాత్రం పీకకండి. గుండుసూది మొనతో ఒక్క చుక్క ఫెవిక్విక్ అంచు కింద పెట్టి, పైకి వచ్చింది వెంటనే తుడిచేసి, ప్లాస్టిక్ కవరు ముక్కతో కాసేపు అదిమి పట్టుకోండి. నా క్యూకి అలా అంటించి రెండు వానాకాలాలు దాటాయి.