సభలో ప్రశ్న – నాలుగో పాఠం: ‘ఉత్పన్నం కాదు’ అనే జవాబుకు తావివ్వని ప్రశ్న

గత పాఠం చివర మీకు ఒక పని అప్పగించాను. మీకు బాగా తెలిసిన ప్రభుత్వ సేవ ఒకటి తీసుకుని, దాని గురించి మంత్రిని అడిగే ప్రశ్న మూడు భాగాలుగా రాయమన్నాను. ఆ కాగితం పక్కన పెట్టుకోండి. ఈ పాఠమంతా దాన్ని దిద్దుకోవడమే.

మొదటిసారి రాసేవాళ్ల ప్రశ్న చాలావరకు ఇలా ఉంటుంది. శాసనసభ ప్రశ్నల జాబితాలు చూసీ చూసీ మన చేతికి ఈ మూసే అలవాటైపోయింది.

గౌరవ వైద్య ఆరోగ్య శాఖ మంత్రివర్యులు దయచేసి ఈ క్రింది విషయములు తెలియజేసెదరా:
(అ) ఫలానా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యుని పోస్టు ఖాళీగా ఉన్న విషయము వాస్తవమేనా;
(ఆ) అయినచో, అందుకు గల కారణములేమి;
(ఇ) సదరు పోస్టును ఎప్పటిలోగా భర్తీ చేసెదరు?

భాష మర్యాదగా ఉంది, విషయం ముఖ్యమైనదే. ఇక వచ్చే జవాబు చూడండి.

(అ) లేదండి.
(ఆ), (ఇ) ఉత్పన్నం కావు. (అంటే, ఆ ప్రశ్నలే తలెత్తవని.)

నేను ఒక శాసనసభ్యుడి దగ్గర ప్రశ్నలు రాసిపెట్టే పనిలో చేరిన కొత్తలో అచ్చం ఇలాంటి జవాబే వచ్చింది. ఆ ఊళ్లో డాక్టరు లేడని ఊరంతటికీ తెలుసు. ఫిర్యాదు తెచ్చిన పెద్దాయనకు జవాబు కాగితం చదివి వినిపించాను. ఆయన కాసేపు ఆలోచించి, “ఉన్నాడనే రాశారు గదా బాబూ, ఎక్కడున్నాడని మీరు అడగలేదా?” అన్నాడు. తర్వాత వాకబు చేస్తే తెలిసింది: డాక్టరు పోస్టు భర్తీ అయ్యే ఉంది. జీతం ఆ కేంద్రం పేరుమీదే వస్తోంది. మనిషి మాత్రం డెప్యుటేషన్ మీద పట్నంలోని ఆసుపత్రిలో పనిచేస్తున్నాడు. రిజిస్టరు ప్రకారం పోస్టు ఖాళీ లేదు. అంటే జవాబులో అబద్ధం లేదు. ప్రశ్నే తప్పు, ఆ ప్రశ్న రాసింది నేను. ఆ ఊరివాళ్లు ఇంకో సమావేశాల దాకా ఆగాల్సి వచ్చింది. ఈ పాఠాలు రాయాలన్న పట్టుదల నాకు అక్కడే మొదలైంది.

తప్పు ఎక్కడ జరిగిందో చూద్దాం. (ఆ), (ఇ) రెండూ (అ)కు వేలాడుతున్నాయి. ‘అయినచో’ అన్న ఆ ఒక్క మాట వల్ల మొదటి భాగానికి ‘లేదు’ అని వస్తే మిగతావి రాలిపోతాయి. పైగా మొదటి భాగం మొత్తం ‘ఖాళీ’ అనే ఒక్క పదం మీద నిలబడింది. ఊరివాళ్లకు ఖాళీ అంటే కుర్చీలో మనిషి లేకపోవడం. ఆఫీసుకు ఖాళీ అంటే మంజూరైన పోస్టులో ఎవరినీ నియమించకపోవడం.

జవాబు ఎలా తయారవుతుందో తెలిస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. సభ సచివాలయం నుంచి ప్రశ్న శాఖకు వెళ్తుంది. శాఖలో సంబంధిత సెక్షన్ దాన్ని జిల్లా అధికారికి పంపి వివరాలు తెప్పించుకుంటుంది. ముసాయిదా పై అధికారుల బల్లలు దాటి మంత్రి సంతకానికి చేరుతుంది. ఆ దారిలో ఎవరూ మీ మనసులో ఏముందో ఊహించి రాయరు, రాయకూడదు కూడా. అడిగిన మాటకే జవాబిస్తారు. కాబట్టి మీకు ఏ జవాబు కాగితం మీద కావాలో ముందు అది రాసుకోండి. ఆ జవాబు రాక తప్పని ప్రశ్న ఏదో తర్వాత వెతకండి. నా దృష్టిలో ఈ మొత్తం పాఠమాలలో ఇంతకంటే ముఖ్యమైన సూత్రం లేదు.

అదే ప్రశ్నను తిరగరాస్తే:

(అ) ఫలానా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మంజూరైన పోస్టులు హోదాల వారీగా ఎన్ని;
(ఆ) ఫలానా తేదీ నాటికి ఆ కేంద్రంలోనే విధులు నిర్వహిస్తున్నవారు ఎందరు; డెప్యుటేషన్‌పైన, దీర్ఘకాలిక సెలవుపైన ఉన్నవారు ఎందరు, ఏ తేదీ నుండి;
(ఇ) గత మూడు సంవత్సరాలలో ఆ కేంద్రంలో నమోదైన ఓపీ రోగుల సంఖ్య, కాన్పుల సంఖ్య సంవత్సరాల వారీగా ఎంత;
(ఈ) డెప్యుటేషన్లను రద్దు చేసే ప్రతిపాదన ప్రభుత్వం వద్ద ఉన్నదా, ఉన్నచో, ఎప్పటిలోగా?

ఇప్పుడు ఏ భాగమూ ఇంకో భాగానికి వేలాడటం లేదు. ‘ఉన్నచో’ అన్నది చివర ఒక్కచోటే ఉంది, అది రాలిపోయినా మొదటి మూడూ నిలబడతాయి. ‘వాస్తవమేనా’ బదులు ‘ఎన్ని’, ‘ఎందరు’, ‘ఏ తేదీ నుండి’ వచ్చాయి. వీటికి అవునండి, లేదండి అని చెప్పి ఊరుకోవడం కుదరదు. తేదీ పెట్టడం మరిచిపోకండి. తేదీ లేకపోతే ఎప్పటి లెక్కయినా జవాబుగా రావచ్చు.

(ఇ) ఎందుకు పెట్టానంటే, డాక్టరు వెళ్లిపోయిన ఏడాది నుంచి కాన్పుల సంఖ్య పడిపోయి ఉంటే ఆ అంకె పక్కన మీరు ఒక్క మాట కూడా రాయనక్కర్లేదు. నెలలు నిండిన ఆడమనిషిని రాత్రిపూట ఆటోలో ఎక్కించుకుని పట్నం పరిగెత్తిన కుటుంబాలు ఎన్నో ఆ అంకెలోనే కనిపిస్తాయి.

నియమాల సంగతి త్వరగా ముగిస్తాను. లోక్‌సభ నియమావళిలో 41వ నియమం ప్రశ్న ఎలా ఉండకూడదో చెబుతుంది. మామూలుగా 150 మాటలు దాటకూడదు. వాదనలు, ఊహాగానాలు, వ్యంగ్యం, నిందలు, విశేషణాలు ఉండకూడదు. న్యాయస్థానంలో ఉన్న విషయం, ఇంతకుముందే జవాబు వచ్చిన విషయం, అందరికీ దొరికే పుస్తకాల్లో ఉన్న సమాచారం అడగకూడదు. శాసనసభల నియమాలూ ఇంచుమించు ఇవే. మీ కాగితంలో ‘దారుణమైన నిర్లక్ష్యం’ లాంటి మాట ఉంటే ఇప్పుడే కొట్టేయండి. కోపం న్యాయమైనదే, కానీ ఆ మాటతో ప్రశ్నే తిరస్కరణకు గురికావచ్చు.

ఏ సభలో అడగాలన్నదీ చూసుకోవాలి. ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాజ్యాంగం ప్రకారం రాష్ట్ర జాబితాలోని అంశాలు. పై ప్రశ్న అలాగే లోక్‌సభకు పంపితే అది ప్రధానంగా కేంద్రానికి సంబంధించినది కాదని తిప్పి పంపుతారు. పార్లమెంటు సభ్యుడి చేత అడిగించాలంటే జాతీయ ఆరోగ్య మిషన్ వైపు తిప్పండి. ఆ పథకం ఖర్చును చాలా రాష్ట్రాల విషయంలో కేంద్రం, రాష్ట్రం 60:40 నిష్పత్తిలో భరిస్తాయి. కేంద్రం వాటాగా ఎంత విడుదలైంది, ఎంత ఖర్చయింది అన్నది ఢిల్లీలో అడగదగిన ప్రశ్నే.

తర్వాత, నక్షత్ర గుర్తు పెట్టాలా వద్దా? గుర్తున్న ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, దానిపై అనుబంధ ప్రశ్నలు, అంటే జవాబు విన్నాక అక్కడికక్కడే అడిగే ప్రశ్నలు, వేయొచ్చు. గుర్తు లేనిదానికి లిఖిత జవాబు సభ ముందు పెడతారు, అంతటితో సరి. లోక్‌సభలో రోజుకు నక్షత్ర గుర్తు ప్రశ్నలు 20, గుర్తు లేనివి 230 జాబితాకెక్కుతాయి. 15 రోజుల ముందు నోటీసివ్వాలి. పోటీ ఎక్కువ కాబట్టి బ్యాలెట్‌లో, అంటే లాటరీలో, వరస తేలుతుంది. ఒక సభ్యుడికి రోజుకు గుర్తున్నది ఒకటే దక్కుతుంది. జాబితాలో 20 ఉన్నా, ప్రశ్నలకు కేటాయించిన గంటసేపట్లో నోటితో జవాబు దాకా వచ్చేవి వాటిలో కొన్నే.

చాలామంది సభ్యులకు నక్షత్రం అంటేనే మోజు, ఎందుకంటే టీవీలో కనిపిస్తారు. నేను మాత్రం అంకెల కోసమైతే గుర్తు లేనిదే వేయమంటాను. పెద్ద పట్టిక కావాలంటే అదే దారి. ఒక సమావేశంలో అలా అంకెలు రాబట్టుకుని, వచ్చే సమావేశంలో ఆ అంకెల మీద నక్షత్ర గుర్తు ప్రశ్న వేస్తే మంత్రి తన శాఖ ఇచ్చిన లెక్కకే బాధ్యుడవుతాడు. అడిగిందే మళ్లీ అడగకూడదు కాబట్టి, రెండో ప్రశ్న మొదటిదానికంటే ఒక అడుగు ముందుకు వేయాలి.

ఇక అనుబంధ ప్రశ్న. దీనికి పెద్ద చరిత్రే ఉంది. మన దేశంలో చట్టసభ సభ్యులకు ప్రశ్న అడిగే హక్కు 1892 ఇండియన్ కౌన్సిల్స్ చట్టంతో వచ్చింది. 1893లో ఒక సభ్యుడు, భింగా రాజా, వేసిన మొదటి ప్రశ్న, పర్యటనలకు వచ్చే ప్రభుత్వ అధికారులకు సరుకులు సమకూర్చలేక పల్లెల్లోని దుకాణదారులు పడుతున్న ఇబ్బందుల గురించి. అప్పట్లో జవాబు వచ్చాక మారు మాట్లాడే వీలు లేదు. 1909 సంస్కరణలతో ప్రశ్న అడిగినవారికి అనుబంధ ప్రశ్న వేసే అవకాశం దక్కింది. 1919 సంస్కరణలతో మిగతా సభ్యులకూ దక్కింది. ఇప్పుడు లోక్‌సభలో అడిగిన సభ్యుడికి రెండు అనుబంధ ప్రశ్నలు ఇస్తారు, ఆ తర్వాత స్పీకర్ పిలిచినవాళ్లు అడుగుతారు.

ఆ రెండింటినీ వృథా చేసుకునే తీరు నేను చాలాసార్లు చూశాను. సభ్యుడు లేచి, “అధ్యక్షా, మా నియోజకవర్గంలో ప్రజలు ఎన్ని ఇబ్బందులు పడుతున్నారంటే...” అని మొదలుపెట్టి మూడు నిమిషాలు మాట్లాడి, చివర “ప్రభుత్వం ఏం చేయబోతోంది?” అని కూర్చుంటాడు. అంత వెడల్పు ప్రశ్నకు మంత్రి ఆరోగ్య పథకాలన్నీ ఏకరువు పెడతాడు. గంట కొడతారు. డెప్యుటేషన్ ఊసే రాదు.

ఇలా అడిగితే?

“అధ్యక్షా, ఆ డాక్టరు రెండేళ్లుగా డెప్యుటేషన్‌లో ఉన్నారని మంత్రిగారి జవాబులోనే ఉంది. ఆ ఉత్తర్వు గడువు ఏ తేదీతో ముగుస్తుంది?”

రెండు వాక్యాలే. మొదటిది మంత్రి ఒప్పుకున్న సంగతి, రెండోది ఒకే ఒక్క తేదీ. మంత్రి తేదీ చెబితే రెండో అనుబంధం: “ఆ తేదీ దాటాక పొడిగించబోమని సభకు చెప్పగలరా అధ్యక్షా?” తన దగ్గర వివరం లేదంటే రెండో అనుబంధం వేరు: “గడువే లేని ఉత్తర్వా? అయితే దాన్ని ఎవరి అనుమతితో ఇచ్చారు?” ఈ రెండు దారులూ ముందే కాగితం మీద రాసి సభ్యుడి చేతికివ్వాలి. సభలోకి వెళ్లాక ఆలోచించే వ్యవధి దొరకదు. అన్నిటికంటే కష్టమైన అలవాటు, మంత్రి చెప్పేది చెవులు రిక్కించి వినడం. ముందే రాసుకున్న రెండో ప్రశ్నను, జవాబు ఏమైనా సరే చదివేసే సభ్యులు నాకు చాలామంది తెలుసు.

ప్రశ్న ఎంతదూరం పోగలదో 1957 చెబుతుంది. జీవిత బీమా సంస్థ డబ్బు హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి కంపెనీల షేర్లలో పెట్టడం గురించి లోక్‌సభలో ప్రశ్న వచ్చింది. జవాబుతో తృప్తి పడనివారు విషయాన్ని వదల్లేదు. ఫిరోజ్ గాంధీ తాను అధికార పక్షంలో ఉండి కూడా సభలో దాన్ని విప్పిచెప్పారు. న్యాయమూర్తి ఎం.సి. చాగ్లాతో ప్రభుత్వం విచారణ కమిషన్ వేసింది. 1958లో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు.

జవాబులో మీరు ఎర్ర సిరాతో గీత గీయాల్సిన మాటలు కొన్ని ఉన్నాయి: ‘పరిశీలనలో ఉన్నది’, ‘పరిశీలిస్తాం’, ‘సమాచారం సేకరించి సభా సమక్షంలో ఉంచుతాం’. ఇవి దాటవేత మాటలని చాలామంది కాగితం మడిచి పెట్టేస్తారు. నిజానికి లోక్‌సభలో ఇవి హామీలుగా లెక్కకొస్తాయి. వాటిని మూడు నెలల్లో నెరవేర్చాలి, నెరవేరాయా లేదా అన్నది ప్రభుత్వ హామీల కమిటీ చూస్తుంది. దాన్ని వెంటపడి సాధించుకునే పద్ధతి వచ్చే పాఠంలో వివరంగా చెబుతాను.

ఈ వారం పని: మీ పాత ప్రశ్నలో ‘అయినచో’, ‘వాస్తవమేనా’ ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టి ప్రశ్నను తిరగరాయండి. తర్వాత మీరే శాఖ సెక్షన్ అధికారి అనుకుని, దానికి వీలైనంత పొట్టి జవాబు నిజాయితీగా రాయండి. మీ చేతితో మీరే ఇంకా ఎక్కడైనా ‘లేదండి’ అని రాయగలిగితే, ఆ భాగాన్ని మళ్లీ మార్చండి. ఆ పొట్టి జవాబును ఆధారంగా తీసుకుని రెండు అనుబంధ ప్రశ్నలు, ఒక్కొక్కటి రెండు వాక్యాలకు మించకుండా రాసి ఉంచుకోండి. ఐదో పాఠం వాటితోనే మొదలవుతుంది.