పెద్ద నదిలో ట్రౌట్ వేట – 4వ పాఠం: పారే నీళ్లలో నిలబడటం

గట్టు మీద నుంచి ట్రౌట్ చేపకు ఫ్లై (పురుగులా కనబడేలా కట్టిన గాలం) విసరడం కిందటి పాఠంతో అయిపోయింది. ఈసారి నీళ్లలోకి దిగుదాం. ఎప్పటిలాగే మన నది అమెరికాలో అర్కాన్సాస్ రాష్ట్రంలోని వైట్ రివర్, బుల్ షోల్స్ డ్యామ్ దిగువ భాగం.

ఆ డ్యామ్‌లో 8 టర్బైన్లున్నాయి. అన్నీ ఆగి ఉన్నప్పుడు చాలాచోట్ల మోకాలి లోతే, గులకరాళ్ల మీద నడుచుకుంటూ పోవచ్చు. ఒక్క టర్బైన్ పూర్తిగా తిరిగితే చాలు, 3,000 క్యూసెక్కుల పైచిలుకు వచ్చిపడుతుంది. కరెంటు అవసరాన్ని బట్టి తిప్పుతారు కాబట్టి వానతో పనిలేదు, ఎండ కాస్తుండగానే నది పెరుగుతుంది. 2014 జూన్ 8న హిమాచల్‌లో లార్జి డ్యామ్ నుంచి వదిలిన నీళ్లు హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మందిని బియాస్ నదిలో పొట్టన పెట్టుకున్నాయి. డ్యామ్ నీళ్ల లెక్క ఎందుకు ముఖ్యమో మనవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

బయల్దేరే ముందు ఆ రోజు విడుదల అంచనా చూడండి. అది అంచనా మాత్రమే, మధ్యలో మారొచ్చు. డ్యామ్ సైరన్ దగ్గరివాళ్లకే వినబడుతుంది. పెరుగుదల గంటకు సుమారు 3, 4 మైళ్ల చొప్పున కిందికి వస్తుందనుకుంటే, 12 గంటలకు వదిలింది 10 మైళ్ల దిగువకు మూడింటికల్లా చేరొచ్చు. వేగం ఎప్పుడూ కాస్త ఎక్కువే వేసుకోండి.

దిగగానే నీటి అంచున సగం మునిగిన రాయి ఒకటి గుర్తు పెట్టుకుని, పది నిమిషాలకోసారి దానివైపు చూడండి. రాయి తడి గీత మునిగినా, ఉన్నట్టుండి ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా, గలగలలాడే చోటు మూగబోయినా బయటికి వచ్చేయాలి. ఇంకొక్క విసురు వద్దు. ఇక్కడ చాలామంది చిక్కుకునేది లోతులో కాదు, నది మధ్య గులకదిబ్బ మీద. దిబ్బ మునగకముందే దానికీ గట్టుకూ మధ్యనున్న పాయ నిండిపోతుంది. కాళ్ల కింద పొడిగానే ఉంటుంది కనుక ప్రమాదం తెలియదు. కొత్తలో కారు ఆపిన గట్టు వైపే ఉండండి, ఏ పాయా దాటకండి.

ఇక నడక. వేడర్ల (నీళ్లు చొరకుండా పాదాల నుంచి ఛాతీ దాకా వేసుకునే తొడుగు) మీద బెల్టు నడుముకు బిగించి కట్టాలి. పడితే నీళ్లు లోపలికి దూరడాన్ని తగ్గించేది అదే. రబ్బరు అడుగున మేకులున్న బూట్లు పాకుడు రాళ్ల మీద పట్టిస్తాయి. చేతికర్రకు తాడు కట్టి నడుముకు తగిలించుకోండి. ప్రవాహానికి పక్కగా తిరిగి నిలబడితే తోపు తగ్గుతుంది. కర్రను ఎగువన ఆనించండి. రెండు కాళ్లూ కర్రా, ఈ మూడింటిలో ఎప్పుడూ ఒక్కటే కదలాలి. పాదం ఎత్తకుండా జరపండి, ఒక కాలు మీదుగా ఇంకోటి వేయకండి. వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది. పైగా లోతుకు పోయేకొద్దీ నీళ్లు మిమ్మల్ని తేలుస్తాయి, కాళ్ల మీద బరువు తగ్గి పట్టు పోతుంది. అందుకే జోరు నీటిలో తొడ దాటనివ్వకండి. ఏటవాలుగా కిందికి దాటడం తేలికే, కానీ అదే దారిన ప్రవాహానికి ఎదురు తిరిగి రాగలరా అన్నది ముందే చూసుకోవాలి.

చేప పడిన క్షణమే అసలు పరీక్ష. కళ్లన్నీ లైన్ మీదే ఉంటాయి, కాళ్లు వాటంతటవే చేప వెంట దిగువకు పోతాయి. పోనివ్వకండి. రాడ్ ఎత్తి పట్టుకుని గట్టు వైపు జరుగుతూ లైన్ ఇవ్వండి. టిప్పెట్ (లైన్ కొసన ఫ్లైని కట్టే సన్నటి దారం) తెగితే తెగనివ్వండి.

పడిపోతే రాడ్ వదిలేయండి. వెల్లకిలా తిరిగి, కాళ్లు దిగువకు పెట్టి, కాలివేళ్లు నీటిపైకి తేల్చి, చేతులతో గట్టు వైపు ఏటవాలుగా ఈదండి. జోరు నీటిలో లేచి నిలబడబోతే పాదం రాళ్ల సందులో ఇరుక్కుంటుంది, ప్రవాహం మనిషిని ముందుకు వంచి ముంచేస్తుంది. వేడర్లలో నీళ్లు నిండితే అడుగుకు లాగేస్తాయన్నది అపోహ, నీటిలో నీటికి బరువుండదు. బరువు తెలిసేది గట్టెక్కేటప్పుడే. ఎదురుగా పడిపోయిన చెట్టుంటే మాత్రం బోర్లా తిరిగి, తల ముందుకు పెట్టి ఈది, కొమ్మల మీదికి ఎక్కాలి, కిందికి పోకూడదు. ఈ నీళ్లు జలాశయం అడుగు నుంచి వస్తాయి, వేసవిలోనూ 10 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంటాయి. మొదట ఊపిరి ఎగబీలుతుంది, కాసేపట్లోనే వేళ్లు మొద్దుబారతాయి. గాలి నింపుకునే లైఫ్ జాకెట్ వేసుకునే దిగండి.

అన్నట్టు, లోతుకు పోవాల్సిన పని అన్నిసార్లూ ఉండదు. చీలమండ లోతులో ఆగి, ముందు గట్టుకు 15 అడుగుల లోపు నీటినంతా వెతకండి. 9 అడుగుల 5-వెయిట్ రాడ్ (ఆ అంకె అది మోసే లైన్ బరువుకు గుర్తు), 5ఎక్స్ (మందాన్ని చెప్పే అంకె) టిప్పెట్, కొసన 16వ నంబరు గాలానికి కట్టిన సౌబగ్ (నీటి అడుగున పాకే చిన్న జీవి) ఫ్లై చాలు. తేలే ఇండికేటర్‌ను (చేప పట్టిందని చూపే బెండును) ఫ్లై నుంచి నీటి లోతుకు ఒకటిన్నర రెట్లు దూరంలో కట్టండి. నీళ్లలో దిగి తొక్కిన చోట ట్రౌట్ అప్పటికే పారిపోయి ఉంటుంది.

అభ్యాసం: రాడ్ లేకుండా, తోడు మనిషితో, మోకాలి లోతులో 20 అడుగులు పక్కనడక నడిచి, ఎగువకు ముఖం పెట్టి తిరిగి, వచ్చిన దారినే బయటికి రండి. మూడుసార్లు తడబడకుండా వచ్చాకే 5వ పాఠం. అందులో పారే నీటి మీద లైన్‌ను ఎగువకు మళ్లించడం చూద్దాం.