లీగల్ క్లినిక్‌లో పని నేర్చుకోవడం ఎలా? లా విద్యార్థులకు తొలి అడుగులు

పరీక్ష పేపర్లో ప్రశ్న తయారుగా ఉంటుంది. ఎవరి హక్కుకు భంగం కలిగింది, ఏ సెక్షన్ వర్తిస్తుంది అని ఆలోచిస్తే చాలు. లా విద్యార్థులు న్యాయవాది పర్యవేక్షణలో ఉచితంగా న్యాయసాయం చేసే లీగల్ క్లినిక్‌లో అలా ఉండదు. ఒక మనిషి వచ్చి, నలిగిన కాగితాల సంచి బల్ల మీద పెట్టి, గంటసేపు తన గోడు చెప్పుకుంటారు. చట్టం జవాబు చెప్పగల ప్రశ్న అందులో ఎక్కడుందో మనమే వెతికి పట్టుకోవాలి.

ఆ మనిషికి ఫీజు ఇచ్చి మరో న్యాయవాది దగ్గరకు వెళ్లే స్తోమత సాధారణంగా ఉండదు. మీకు ఇది నేర్చుకునే చోటు. వారికి ఇదే ఆఖరి గుమ్మం కావచ్చు. అందుకే అనుభవం కోసం వెళ్లే విద్యార్థి అన్నిటికన్నా ముందు తన వల్ల వారి పని చెడకుండా చూసుకోవాలి. కింది అడుగులన్నీ ఆ ఆలోచనతోనే రాశాను.

క్లినిక్కా, ప్రొ బోనో సేవా? ముందు తేల్చుకోండి

రెండు మాటలనూ కలిపి వాడేస్తుంటారు కానీ తేడా ఉంది. క్లినిక్ చదువులో భాగం. వారానికి ఇన్ని గంటలని ఉంటుంది, పర్యవేక్షించే న్యాయవాదో అధ్యాపకుడో ఉంటారు, చాలాచోట్ల మీ పనికి మార్కులో క్రెడిట్లో వస్తాయి. ప్రొ బోనో అనేది 'ప్రజల మేలు కోసం' అనే అర్థమున్న 'ప్రొ బోనో పబ్లికో' అన్న లాటిన్ మాటకు పొట్టి రూపం. ఫీజు తీసుకోకుండా చేసే న్యాయసేవను అలా పిలుస్తారు. విద్యార్థి స్వచ్ఛందంగా ఒక సేవాసంస్థలోనో, ఉచితంగా కేసు నడుపుతున్న న్యాయవాది దగ్గరో సాయపడటం దీని కిందికి వస్తుంది.

మొదటిసారి వెళుతున్నవారు క్లినిక్‌నే ఎంచుకోవాలని నా అభిప్రాయం. అక్కడ మీ పొరపాటును పట్టుకునే బాధ్యత ఒకరికి అప్పగించి ఉంటారు. ప్రొ బోనో పనిలో ఆ ఏర్పాటు ఉందో లేదో మీరే అడిగి తెలుసుకోవాలి.

మీకు వర్తించే నిబంధనలు కూడా చూసుకోండి. న్యాయవాద వృత్తిని, న్యాయవిద్యను నియంత్రించే భారత బార్ కౌన్సిల్ 2008 నాటి న్యాయవిద్యా నియమాల ప్రకారం ప్రతి లా కాలేజీ న్యాయ సహాయ క్లినిక్ నడపాలి. మూడేళ్ల కోర్సు చదివేవారు మొత్తం మీద కనీసం 12 వారాలు, అయిదేళ్ల కోర్సువారు 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పరీక్ష రాసి న్యాయవాదిగా చేరాలనుకునేవారు 50 గంటల ప్రొ బోనో సేవ చేసినట్టు చూపాలన్న నియమం 2015 నుంచి అమల్లోకి వచ్చింది. ఏ పని లెక్కలోకి వస్తుందో, ఎవరి సంతకం కావాలో చేరే రోజే కనుక్కోండి. ఏడాది తర్వాత సంతకం కోసం తిరగడం కష్టం.

చేరే ముందు ఏమి అడగాలి?

క్లినిక్‌లు రకరకాలు. అద్దె తగాదాలు, కుటుంబ వివాదాలు, అందని వేతనాలు, వలసదారుల పత్రాలు, ఖైదీల అప్పీళ్లు... ఒక్కో క్లినిక్ ఒక్కో దాని మీద పనిచేస్తుంది. డీఎన్‌ఏ పరీక్షల సాయంతో నిర్దోషులను జైళ్ల నుంచి బయటకు తెచ్చిన ఇన్నోసెన్స్ ప్రాజెక్ట్ కూడా 1992లో న్యూయార్క్‌లోని కార్డోజో లా స్కూల్లో క్లినిక్‌గానే మొదలైంది. బారీ షెక్, పీటర్ న్యూఫెల్డ్ దాన్ని ప్రారంభించారు. విద్యార్థుల శ్రమ ఎంత దూరం వెళ్లగలదో చెప్పడానికి నాకు ఎప్పుడూ ముందుగా గుర్తొచ్చేది అదే.

కేసుల రకం కన్నా పర్యవేక్షణ ముఖ్యం. ఒక్క పర్యవేక్షకుడి కింద ఎంతమంది విద్యార్థులున్నారు? కక్షిదారులతో విద్యార్థులు నేరుగా మాట్లాడతారా, లేక పక్కన కూర్చుని రాసుకుంటారా? మీ ముసాయిదాను ఎవరు చదువుతారు, ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు? సెలవుల్లో ఫైళ్లు ఎవరు చూస్తారు? ఈ నాలుగూ అడగండి, వీలైతే గత ఏడాది అక్కడ పనిచేసిన సీనియర్లను కూడా అడగండి. పెద్ద పేరున్న క్లినిక్‌లో జెరాక్సులు తీస్తూ గడపడం కన్నా, మీరు రాసిన ప్రతి పేజీనీ ఎర్ర సిరాతో నింపి ఇచ్చే పర్యవేక్షకుడున్న చిన్న క్లినిక్ ఎంతో మేలు.

మీ హద్దు ఎక్కడ?

ఇది దేశాన్ని బట్టి మారుతుంది. భారత్‌లో 1961 నాటి అడ్వొకేట్స్ చట్టం ప్రకారం న్యాయవాద వృత్తి చేసే హక్కు బార్ కౌన్సిల్‌లో నమోదైన న్యాయవాదులకే ఉంది. అమెరికాలోని రాష్ట్రాల్లో విద్యార్థుల కోసం ప్రత్యేక నియమాలున్నాయి. వాటికి లోబడి, న్యాయవాది పర్యవేక్షణలో కోర్టులో నిలబడి మాట్లాడే అవకాశం కూడా ఉంటుంది. మీరు ఎక్కడున్నా పర్యవేక్షకుడు ఆమోదించకుండా న్యాయసలహా ఇవ్వకండి. "నేను విద్యార్థిని, ఫలానా న్యాయవాది పర్యవేక్షణలో పనిచేస్తున్నాను" అని కక్షిదారుకు మొదటి నిమిషంలోనే చెప్పండి.

అవతలి పక్షం పేరు కూడా ముందే తెలుసుకోవాలి. ఆ అవతలి మనిషి మీ బంధువైతే, లేదా అదే గొడవలో ఆయన ఇంతకు ముందే మీ క్లినిక్ సాయం కోరి ఉంటే, వివరాలు వినకముందే ఆగి పర్యవేక్షకుడికి చెప్పాలి. విన్న తర్వాత చెబితే అప్పటికే ఆలస్యమైనట్టు. క్లినిక్‌లో విన్నది హాస్టల్ గదిలో మాట్లాడకూడదు, పేరు తీసేసి కూడా మాట్లాడకూడదు. వివరాలను బట్టి మనిషిని గుర్తుపట్టేవారు ఉంటారు. కక్షిదారు పత్రాలను సొంత ఫోనులో ఫొటో తీసి ఉంచుకోవద్దు.

మొదటి ముఖాముఖి

అసలు విద్య ఇక్కడే ఉంది, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

ఫారం తెరిచి పేరు, వయసు, చిరునామా అంటూ మొదలుపెట్టకండి. "ఈరోజు ఏ పని మీద వచ్చారు?" అని అడిగి ఊరుకోండి. అయిదు నిమిషాలు మధ్యలో అడ్డు రాకుండా వినడం అనుకున్నంత తేలిక కాదు. తెలిసిన సెక్షన్ చెవిన పడగానే మనసు అటు పరిగెడుతుంది. పరిగెత్తనివ్వకండి.

ఒక ఉదాహరణ చూడండి. మూడు నెలల జీతం ఇవ్వకుండా ఉద్యోగం మాన్పించారని ఒకామె వచ్చారనుకుందాం. విద్యార్థి వెంటనే వేతనాల చట్టం తీసి, ఎంత రాబట్టవచ్చో లెక్క వేయడం మొదలుపెడతాడు. చివర్లో "మీకు ఏమి జరిగితే బాగుంటుంది?" అని అడిగితే, తన అసలు సర్టిఫికెట్లు ఆ సంస్థ దగ్గరే ఉండిపోయాయని, అవి లేక కొత్త ఉద్యోగంలో చేరలేకపోతున్నానని ఆమె అంటారు. జీతం తర్వాత సంగతి. ఆమెకు ఈ వారం కావలసింది ఆ సర్టిఫికెట్లు. ఆ ప్రశ్న అడగకపోయి ఉంటే విద్యార్థి చాలా చక్కటి, ఎవరికీ పనికిరాని నోటీసు రాసి ఉండేవాడు.

వారు ఒకసారి చెప్పాక, రెండోసారి కాలక్రమంలో చెప్పించుకోండి. మొదట ఏమి జరిగింది, ఆ తర్వాత ఏమి జరిగింది, అప్పుడు అక్కడ ఎవరున్నారు, దానికి కాగితం ఏదైనా ఉందా అని అడగాలి. మాటలు పొంతన కుదరకపోతే అబద్ధమని అనుకోవద్దు. కష్టంలో ఉన్న మనిషికి తేదీలు కలగాపులగం అవుతాయి. వెంట వచ్చిన బంధువును కాసేపు బయట కూర్చోమని మర్యాదగా అడగండి, ముఖ్యంగా కుటుంబ వివాదాల్లో. భాష తెలియని కక్షిదారుకు వారి పిల్లలతో అనువాదం చేయించకండి. తల్లి చెప్పలేని విషయాన్ని బిడ్డ నోట పలికించడం ఇద్దరికీ అన్యాయమే.

"తప్పకుండా గెలుస్తాం" అని ఓదార్పు కోసం కూడా అనవద్దు. "మీరు చెప్పింది రాసుకున్నాను, న్యాయవాదితో మాట్లాడి ఫలానా రోజున ఫోను చేస్తాను" అనండి. ఆ రోజున చెప్పడానికి కొత్త విషయం ఏమీ లేకపోయినా ఫోను చేయండి.

తేదీలు, ఆ తర్వాత ముసాయిదా

కక్షిదారు వెళ్లిన వెంటనే, అదే రోజు, నోట్సు శుభ్రంగా రాయండి. వారు చెప్పింది ఒకచోట, కాగితాల్లో ఉన్నది మరోచోట, మీరు ఊహించింది ఇంకోచోట వేరుగా ఉండాలి. ఆ తర్వాత ముందుగా వెతకవలసింది గడువు. నోటీసు ఏ తేదీన అందింది, జవాబుకు ఎన్ని రోజులు, అప్పీలుకు కాలపరిమితి ఎప్పటితో ముగుస్తుంది అన్నది ఫైలు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ఉండాలి. ఎంత బలమైన కేసైనా గడువు దాటితే నిలబడటం కష్టం. ఆ తేదీ దగ్గర పడిందని అనిపిస్తే పర్యవేక్షకుడికి అప్పుడే చెప్పండి, మర్నాటి సమావేశం దాకా ఆగకండి.

ముసాయిదా రాసేటప్పుడు చట్టం పాఠాన్ని మూలంలో చదవండి, తాజా సవరణలు చూడండి. కంప్యూటర్‌లో దొరికిన తీర్పును పూర్తిగా తెరిచి చదవకుండా ఉదహరించవద్దు. అది కొట్టివేసిన తీర్పు కావచ్చు, అసలు లేని తీర్పు కూడా కావచ్చు. దిద్దుబాట్లతో తిరిగి వచ్చిన కాపీలను పారేయకుండా దాచుకుంటే, అదే తప్పు మూడోసారి చేస్తున్నారేమో మీకే కనిపిస్తుంది. కక్షిదారు పేరు, గుర్తుపట్టే వివరాలు ఉన్న కాపీలు మాత్రం క్లినిక్ దాటకూడదు.

ఫైళ్లు లేని వారాల్లో చట్టంపై అవగాహన కల్పించే పని తీసుకోండి. విద్యార్థులు బడులకు, జైళ్లకు వెళ్లి చట్టాన్ని మామూలు మాటల్లో బోధించే స్ట్రీట్ లా పద్ధతి 1972లో అమెరికాలోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో మొదలై అనేక దేశాలకు పాకింది. బెయిల్ అంటే ఏమిటో పదిహేనేళ్ల పిల్లవాడికి అర్థమయ్యేలా చెప్పగలిగితే, మీకూ అది నిజంగా తెలిసినట్టు.

గంటల లెక్క, చివరి వారం

పని చేసిన రోజే గంటలు రాయండి. ఉద్యోగానికి దరఖాస్తు చేసేటప్పుడు "న్యాయవాది పర్యవేక్షణలో అద్దె వివాదంలో జవాబు నోటీసు ముసాయిదా తయారుచేశాను" అంటే చాలు. పేర్లు, ఊళ్లు వద్దు.

సెమిస్టరు ముగుస్తుంది కానీ కేసు ముగియదు. విద్యార్థి క్లినిక్‌లలో కక్షిదారులు దెబ్బతినే చోట్లలో ఇదొకటి. వెళ్లే ముందు ఒక అప్పగింత పత్రం రాయండి. కేసు ఇప్పుడు ఎక్కడుంది, తర్వాతి తేదీ ఏది, ఏ కాగితాలు ఇంకా రావాలి, కక్షిదారుకు ఏమి మాట ఇచ్చాం, ఏ సమయంలో ఫోను చేస్తే వారు మాట్లాడగలరు అన్నవి అందులో ఉండాలి. వారి అసలు పత్రాలు తిరిగి ఇచ్చి రసీదు తీసుకోండి. కొత్తగా వచ్చే విద్యార్థిని పక్కన కూర్చోబెట్టుకుని చివరి ఫోను మీరే చేసి, "ఇకపై మీతో మాట్లాడేది వీరే" అని ఆ ఫోను వారి చేతికివ్వండి.